బొటనవేలూ, కేసముద్రం పెసలూ

హరీష్‌కు ఆగడం రాదు. అన్నం ఆరేదాకా ఆగలేక నాలుక కాల్చుకుంటాడు. రైల్వే గేటు పడితే బండి మీదే కూర్చుని, రైలును తనే లాక్కొస్తున్నట్టు మెడ చాస్తాడు. కేసముద్రం మార్కెట్లో అతన్ని అందరూ జల్దీ హరీష్ అంటారు. అది మెచ్చుకోలే అనుకుని అతను మురిసిపోతాడు.

అలాంటి మనిషికి దేవుడు రిషితను ఇచ్చాడు. నాలుగేళ్లు నిండబోతున్న ఆ పిల్లకు తొందరంటే ఏమిటో తెలియదు. కుడిచేతి బొటనవేలు నోట్లో పెట్టుకుని, ఎడమచేత్తో చెవి తమ్మె నిమురుకుంటూ ఎంతసేపైనా గోడవైపు చూస్తూ కూర్చోగలదు. ఆ వేలికి బుజ్జిగాడని పేరు కూడా పెట్టుకుంది. స్నానం చేయించేటప్పుడు "బుజ్జిగానికి సబ్బు వద్దు, చేదైతడు" అని ముందే చెప్పేది.

మహబూబాబాద్‌లో పళ్ల డాక్టరమ్మకు చూపించారు. ఆమె పిల్లను నవ్వించి, పళ్లు చూసి చెప్పింది. "తిట్టకుండ్రి, భయపెట్టకుండ్రి. నిద్రొచ్చినప్పుడు, ఏం తోచనప్పుడు పెట్టుకుంటది. రెండు చేతులకు ఏదన్న పని చెప్పుండ్రి. పెట్టుకోనప్పుడు మెచ్చుకోండ్రి. మెల్లగ అదే మానుకుంటది."

మెల్లగ అన్న మాట చెవిన పడగానే హరీష్‌కు ఒళ్లంతా జిల పుట్టింది. బయటికి రాగానే భార్యను నిలదీశాడు.

"మందు రాయలేదేంది?"

"ఓపిక పట్టమన్నది కద. గదే మందు," అంది శ్రావ్య.

"గా మందు ఏ షాపుల దొరుకుతది?"

"అన్ని ఇండ్లల్ల ఉంటది. మీ దగ్గరనే స్టాకు లేదు."

శ్రావ్య పుట్టిల్లు మహబూబాబాదే; అదీ హరీష్ వాళ్లలాగే గింజల వ్యాపారం చేసే ఇల్లే. పెళ్లికి ముందు తండ్రి దుకాణంలో కూర్చుని కందులూ పెసలూ చూసిన మనిషి. "నేను గూడ మార్కెట్ యార్డుకొస్త" అని ఒకసారి అడిగితే, హరీష్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు. అడగలేదంటే మరిచిపోయిందని అతను అనుకున్నాడు.

ఇక హరీష్ తండ్రి రాజలింగం. మార్కెట్లో ఆయన పేరు కటుక్కు రాజలింగం. కుప్పలోంచి చిటికెడు గింజలు తీసి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని కటుక్కుమని కొరికాడంటే, పచ్చిదో ఎండిందో, నిరుటిదో ఈ యేటిదో చెప్పేస్తాడు. తేమ చూసే యంత్రాలు వచ్చాక కూడా మిగతా వ్యాపారులు ముందు ఆయన ముఖమే చూస్తారు, తర్వాతే యంత్రం చూస్తారు. ఇప్పుడు మోకాళ్లు మొరాయించడంతో యార్డులో సరుకు కొనే పని ఎవరికైనా అప్పగించాలనుకున్నాడు. పెద్దకొడుకు హరీష్‌కా, జనగామలో దుకాణం చూసుకుంటున్న చిన్నకొడుకు అరవింద్‌కా అన్నది తేల్చలేదు.

ఆ సాయంత్రం అరుగు మీద మనవరాలు బుజ్జిగాణ్ణి చప్పరిస్తుంటే, హరీష్ "తియ్యి, తియ్యి" అని దాని చుట్టూ తిరుగుతున్నాడు. పెద్దాయన కాసేపు చూసి తేల్చేశాడు.

"ఇంట్ల చిన్నపిల్ల నోట్లెకెల్లి ఒక వేలు తీపియ్యలేనోడు, యార్డుల రైతులనేం ఒప్పిస్తడు, హమాలోళ్లనేం ఒప్పిస్తడు? దసరా లోపల గా వేలు ఎవలు మాన్పిస్తరో, నా తువ్వాల గాళ్ల భుజం మీదనే."

సరుకు కొనే పెద్దమనిషిగా ఆయన గుర్తు ఆ తువ్వాలే; యార్డులో అది ఆయన భుజం దిగగా చూసినవాళ్లు లేరు.

"దసరా దాక దేనికి బాపు, ఆదివారం దాక సాలు," అన్నాడు హరీష్.

మర్నాడు పొద్దున్నే వేపాకు నూరి పిల్ల బొటనవేలికి పట్టించాడు. రిషిత ఒకసారి నాకింది, ముఖం చిట్లించింది, వేలిని జాలిగా చూసింది. తర్వాత ఎడమచేతి బొటనవేలు నోట్లో పెట్టుకుంది.

"గీడు బుజ్జిగాని తమ్ముడు," అని తండ్రికి పరిచయం చేసింది.

తమ్ముడికీ వేపాకు పూశాడు. పిల్ల చూపుడువేలు, నడిమివేలు కలిపి పెట్టుకుంది. వాళ్లు బుజ్జిగాని అత్తమ్మా మామయ్యా అట. హరీష్ ఇక చుట్టాలందరి సంగతీ ఒకేసారి చూద్దామని, గింజల శాంపిల్ తెచ్చే చిన్న గుడ్డసంచీలు రెండు పిల్ల చేతులకు తొడిగి సుతిలి తాడుతో కట్టాడు.

"అది పిల్లనా, బస్తానా? మూతి గూడ కుట్టెయ్యరాదూ!" అని తల్లి లక్ష్మీకాంతమ్మ విరుచుకుపడింది. మనవరాలి బాధ చూడలేక, సంచీలో ఇంత బెల్లం ముక్క కూడా వేసింది. మధ్యాహ్నానికల్లా రిషిత చెయ్యి మొత్తం నోట్లో పెట్టుకుని సంచీతో సహా చప్పరిస్తోంది. బుజ్జిగానికి ఇంత రుచి ఎన్నడూ లేదు.

"ఆదివారం ఇంకెంత దూరమున్నది?" అని శ్రావ్య అడిగింది.

"నవ్వు, నవ్వు. గీసారి తెచ్చే మందుకు నీ నవ్వు గూడ బందైతది."

ఆయుర్వేద దుకాణం నుంచి నేలవేము తెచ్చాడు. చేదుకు అమ్మమ్మలాంటిది అది. దాన్ని ఎవరి మాటా వినకుండా చిక్కబడేదాకా మరిగించాడు. ఆ మరిగించింది పాలగిన్నెలో.

"అయ్యో, నా పాలగిన్నె! ఇగ గిండ్ల చాయ పెడితే ఎవలు తాగుతరు?" అంది శ్రావ్య.

"బిడ్డ పళ్లు ముఖ్యమా, గిన్నె ముఖ్యమా?"

"మీకు తువ్వాల ముఖ్యం. మాకెందుకు చెప్తరు!"

ఆ రోజు పెసలు బాగా వచ్చే రోజు. రాజలింగం పరీక్షగా కొడుకును ఒక్కణ్ణే యార్డుకు పొమ్మన్నాడు. పోయేలోపే మందు పూసిపోదామని హరీష్ గిన్నెతో కూర్చుంటే, రిషిత రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"ముందుగాల నువ్వు పూస్కో డాడీ."

"నాకెందుకమ్మా? నేను వేలు నోట్లె పెట్టుకోను కద."

"పెట్టుకుంటవ్."

"ఎప్పుడు పెట్టుకున్న?"

పిల్ల తల్లివైపు చూసింది. తల్లి పొయ్యివైపు చూసింది. అంతలో యార్డు నుంచి ఫోన్, వేలం పాట మొదలవుతోందని. వాదించే తీరిక లేక హరీష్ తన వేళ్లు గిన్నెలో ముంచి, ఊదుకుని, "ఇగో, ఏమన్న అయిందా?" అని చూపించాడు. పిల్ల ఒప్పుకుని చేతులిచ్చింది. పూయడం పూర్తయ్యీ కాకముందే బండెక్కాడు.

"చేతులు కడుక్కొని పోండ్రి!" అని శ్రావ్య వాకిట్లోకొచ్చి అరిచింది. బండి అప్పటికే మూల తిరిగింది.

యార్డులో పెసల కుప్పలు వరసగా పోసి ఉన్నాయి. ఆకాశం ఒకపక్క నల్లబడుతోంది. వాన రాకముందే అమ్ముకుని పోవాలని రైతులు కాళ్లు నిలవనట్టు తిరుగుతున్నారు. మొదటి కుప్ప తండా నుంచి వచ్చిన బాల్‌సింగ్‌ది. అతనూ భార్య కాళీ తెల్లవారకముందే ట్రాక్టరులో వచ్చి, రాయీ రప్పా లేకుండా చెరిగి పోసుకున్నారు.

హరీష్ తండ్రిలాగే చిటికెడు గింజలు తీశాడు. తండ్రిలాగే కళ్లు మూసుకున్నాడు. కటుక్కుమన్నాడు. ముఖం మాత్రం తండ్రిలా పెట్టలేకపోయాడు.

"థూ! చేదున్నయ్!"

"పెసలు చేదేంది సేటూ?" బాల్‌సింగ్ నోరు తెరిచాడు.

"ఏమో, నన్నడుగుతవేంది? నీ చేన్లనే పండినయ్ కద."

రెండో కుప్ప కొరికాడు. అదీ చేదే. మూడోది ఇంకా చేదు. గింజ మారుతోంది, చేదు మారడం లేదు. ఇంకొకరైతే అక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించేవాడు. హరీష్‌కు ఆగడం రాదని ముందే చెప్పుకున్నాం. ఫోన్ తీసి వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో మాట వదిలాడు. "ఇయ్యాల యార్డంత చేదు పెసలే. ఎవ్వలు పాట పాడకుండ్రి."

పాట ఆగిపోయింది. రాజలింగం ఇంటి నాలుక చేదని చెప్పాక ఎవరు ముందుకొస్తారు? కొందరు వ్యాపారులు తామూ కొరికి చూసి, "అవునే, జర చేదున్నట్టే ఉన్నది" అన్నారు. పురుగుమందు ఎక్కువ కొట్టారని ఒకరు, విత్తనమే నకిలీదని ఒకరు, వానలకే అయిందని ఇంకొకరు. తేమ యంత్రం తెచ్చి పెట్టారు. అది తేమ చెప్పి ఊరుకుంది, చేదు సంగతి దానికి తెలియదు. జనగామ నుంచి అరవింద్ ఫోన్ చేసి, "అన్నా, ఇక్కడి పెసలు గూడ చేదేనా? చూసి చెప్పాల్నా?" అని అడిగాడు.

ఒక్క చినుకు బాల్‌సింగ్ చేతి మీద పడింది. అతను కుప్పలోంచి పిడికెడు పెసలు తీసి నోట్లో పోసుకున్నాడు.

"ఇగో, తింటున్న చూడు! చేదైతే నేను తింటనా?"

"మా పిల్లలు గివే తిని పెరిగిన్రు," అని కాళి కూడా ఇన్ని నోట్లో వేసుకుంది. "నువ్వు వద్దన్నవని గివి ఇప్పుడు వానల పోసుకోవాల్నా సేటూ?"

రైతులంతా హరీష్ చుట్టూ మూగారు. సరిగ్గా అప్పుడు, కబురందిన రాజలింగం ఆటో దిగాడు. మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా బాల్‌సింగ్ కుప్పలో గింజ తీసి కొరికాడు. పక్క కుప్పలోదీ కొరికాడు.

"తియ్యగున్నయ్. పాలు గారుతున్నయ్."

"బాపు, నీ నాలుకకు వయసైంది," అన్నాడు హరీష్.

రాజలింగం కోప్పడలేదు. "అట్లనా? అయితే నీ చేత్తోని పెట్టు," అని నోరు తెరిచాడు.

హరీష్ గింజ తీసి తండ్రి నోట్లో పెట్టాడు. కటుక్కుమనలేదు. పెద్దాయన దాన్ని అలాగే బయటికి ఊశాడు.

"ఏం పూసినవ్ చేతికి?"

హరీష్ తన వేళ్లవైపు చూసుకున్నాడు. పాలగిన్నె గుర్తొచ్చింది, వాకిట్లో శ్రావ్య అరుపు గుర్తొచ్చింది. ఆ వేళ్లను ఎక్కడ దాచుకోవాలో అతనికి తోచలేదు.

"ఆగు పెద్ద సేటూ, ఊకె చెప్తే నమ్మం," అన్నాడు బాల్‌సింగ్. "గా వేలు ఆయన్నే చీకమను. మేం చూస్తం."

తప్పలేదు. యార్డు మధ్యలో, రైతులూ హమాలీలూ వ్యాపారులూ చూస్తుండగా జల్దీ హరీష్ తన బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు జలజలా కారాయి. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే పాట మొదలుపెట్టారు. రాజలింగం ఆ మోకాళ్లతోనే నిలబడి, బాల్‌సింగ్ కుప్పను మంచి ధరకు తనే పాడుకున్నాడు. ఆఖరి కుప్ప తూకమయ్యేదాకా హరీష్ పని టార్పాలిన్ పట్టుకోవడమే.

ఇంటికొచ్చేసరికి కథ అతనికంటే ముందే వచ్చి కూర్చుంది. శ్రావ్య మజ్జిగ గ్లాసు ఇచ్చింది.

"గింజ కొరుకుడు మన పని. అది వేరు, పిల్లది వేరు," అన్నాడు హరీష్, ఎవరూ అడగకముందే.

"గింజ ఉన్నప్పుడు పనే. టీవీ ముందట గూర్చున్నప్పుడు? ఫోన్ చూస్తున్నప్పుడు? రైల్వే గేటు కాడ? వేలు నోట్లనే ఉంటది, మీకు తెల్వదు. దానికి తెలుసు. రోజూ చూస్తున్నది."

హరీష్ ఏదో అనబోయి, బొటనవేలు పెదవుల దాకా వచ్చిందని గమనించి దించుకున్నాడు. ఆ ముఖం చూసి శ్రావ్యకు జాలేసింది. అయినా నవ్వాపుకోలేదు. కూతుర్ని పిలిచి, చిన్న స్టీలు పళ్లెం ఒక చేతికీ, చెంచా ఇంకో చేతికీ ఇచ్చింది.

"రిషితా, డాడీ బుజ్జిగాడు మాట వింటలేడు. నోట్లెకు పోయినప్పుడల్లా కొట్టాలె. నువ్వు తప్ప ఎవలు చూస్కుంటరు?"

అంతే, ఆ ఇంట్లో శాంతి పోయింది. హరీష్ వేలు గడ్డం దాటిందంటే టంగుమనేది పళ్లెం. అన్నం దగ్గర టంగు. దుకాణంలో గిరాకీల ముందు టంగు. "డాడీ! బుజ్జిగాడు!" అని వీధిలోకి వినపడేది. రాజలింగం చెయ్యి పైకి లేచినా ఒక చిన్న టంగు పడేది. "దాని చేతులకెల్లి గా పళ్లెం గుంజుకో," అని హరీష్ మొత్తుకునేవాడు. శ్రావ్య మాత్రం కూతుర్ని దగ్గరికి తీసుకుని, "మా అమ్మ ఎంత మంచిగ చూస్కుంటున్నది" అని మెచ్చుకునేది. పిల్ల రాత్రి కూడా చెంచా పట్టుకునే పడుకునేది. ఈ గోలలో హరీష్ ఒక సంగతి చూడనే లేదు. ఆగి చూసే అలవాటు ఉంటే కదా!

దసరా రోజు పూజయ్యాక రాజలింగం తువ్వాల మడిచి చేతిలో పట్టుకుని వచ్చాడు. ఆ యార్డు సంగతి మరిచిపోయి తండ్రి మెత్తబడ్డాడనుకుని, హరీష్ వినయంగా భుజం వంచాడు. పెద్దాయన ఆ భుజాన్ని దాటుకుని పోయి తువ్వాల కోడలి చేతుల్లో పెట్టాడు.

"మామయ్యా, నాకా?" అంది శ్రావ్య.

"వేలు మాన్పించినోళ్లకే అన్న కద. పిల్లను చూడు."

అందరూ రిషితను చూశారు. ఒక చేతిలో పళ్లెం, ఇంకో చేతిలో చెంచా. బుజ్జిగాడు పొడిగా, శుభ్రంగా, చెంచాను పట్టుకుని ఉన్నాడు. వాడు నోట్లోకి పోక ఎన్ని రోజులైందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

"గింజ కొరుకుడు వచ్చా బిడ్డా?" అన్నాడు రాజలింగం.

"మా నాయిన నేర్పిండు మామయ్యా. చెయ్యి కడుక్కొని కొరుకుమన్నడు," అంది శ్రావ్య, కళ్లు తుడుచుకుని తువ్వాల భుజాన వేసుకుంటూ.

"మరి నేను?" అన్నాడు హరీష్.

"నువ్వు బండి నడుపురా. గేటు కాడ ఆగుడు నేర్చుకో."

హరీష్ భార్య భుజం మీది తువ్వాలను చూస్తూ అలాగే నిలబడిపోయాడు. చెయ్యి తనకు తెలియకుండానే మెల్లగా పైకి లేచింది.

టంగు!

"డాడీ! బుజ్జిగాడు!"