గోడకు గాలం దారం

శుక్రవారం ఉదయానికి, ఎడారి దేశానికి పనికొచ్చిన తాపీ మేస్త్రీ లింబాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. అల్ హైల్‌లో అజీజా మేడం విల్లా ముందరి ప్రహరీ గోడకు మిగిలిన పై వరుసలు మధ్యాహ్నంలోగా పూర్తిచేయాలి. ఆలోగా రూమ్‌లో ఉండే గంగన్న సముద్రం ఒడ్డున ఒక పెద్ద చేపను పట్టి తేవాలి. ఆ చేపను ఫోర్‌మన్ వీరబ్రహ్మం చేతిలో పెట్టి, లీవు కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. ఆదివారం విమానం. ఊళ్ళో భార్య నవీనకు నెలలు నిండాయి, తొలి కాన్పు. వీరబ్రహ్మం మాత్రం "గోడ కానీరా, చూస్తాం" అన్న మాట తప్ప ఇంకో మాట అనడం లేదు. కడపాయన మాట ఇస్తే తప్పడని, అందుకే ఇవ్వడం లేదని రూమ్‌లో అనుకునేవారు.

చేప విషయంలో ముందురోజే పెద్ద తగువు జరిగింది. రంగు దారం కనిపిస్తే చేప ఎర జోలికి రాదని లింబాద్రి వాదం. ఆకలి మీదున్న చేప రంగులు చూసుకుంటూ కూర్చోదని గంగన్న వాదం. ఇద్దరిలో ఎవరూ అంతవరకు కప్పను కూడా పట్టినవారు కాదు కనుక వాదన హోరాహోరీగా సాగింది. చివరికి లింబాద్రి రూవి బజారు దాకా వెళ్ళి, నీళ్ళలో వేస్తే నీళ్ళలాగే ఉండే దారం కొనుక్కొచ్చాడు. దాన్ని మంచం కింద తన మేస్త్రీ దారం పక్కన పెట్టాడు. మేస్త్రీ దారమంటే గోడ వరుస వంకర పోకుండా ఈ మూల నుంచి ఆ మూలకు లాగి కట్టేది. లింబాద్రిది మైలు దూరానికి కనిపించే గులాబీ రంగుది.

తెల్లారకముందే గంగన్న లైటు వేయకుండా, చేతికి దొరికిన ఉండ తీసుకుని సముద్రానికి వెళ్ళిపోయాడు. మిగిలింది లింబాద్రి సంచిలోకి చేరింది. సైట్‌లో సంచి విప్పితే గాలం దారం కనిపించింది. కనిపించింది అనడం కూడా ఎక్కువే, తడిమి తెలుసుకున్నాడు. గంగన్న ఫోన్ ఎత్తలేదు. శుక్రవారం పొద్దున దుకాణాలు తెరవరు. దారం ఏదైనా దారమే కదా అని దాన్నే లాగి కట్టి పని మొదలుపెట్టాడు.

మేడం వస్తుందని ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, చేతిలో టీ కప్పుతో వీరబ్రహ్మం వచ్చాడు. చూస్తే దారం లేదు. ఒళ్ళు మండిపోయింది.

"ఏమిరా, దారం కట్టకుండానే గోడ లేపుతాండావే. నీ కన్నేమన్నా రసమట్టమా?"

"కట్టిన సార్. గదే, మీ ముంగటనే ఉన్నది."

"యాడ్రా ఉండేది?" అంటూ వీరబ్రహ్మం టీ కప్పు ఉన్న చెయ్యే గోడ మీదుగా చాచాడు. దారం చేతికి తగిలింది, టీ చొక్కా మీద పడింది. గాలిలో ఎవరో చెయ్యి పట్టుకున్నారన్న అనుమానంతో ఆయన కాసేపు కదల్లేదు.

లీవు గంగలో కలిసిందనుకున్నాడు లింబాద్రి. ఆయన తిట్టాల్సినవన్నీ తిట్టి, ఆ దారం మనుషుల కంటికి ఆనేటట్టు ఏదైనా కట్టి చావమన్నాడు. తర్వాత చొక్కా విప్పి కుళాయి కింద ఉతుక్కుని, ఎండ బాగా పడే చోటు వెతికాడు. మంచి ఎండలో లాగి కట్టిన దారం ఉండనే ఉంది. చొక్కా దాని మీదే ఆరేశాడు. ఒక దెబ్బకు రెండు పిట్టలు.

శుక్రవారం పక్కనున్న లేబర్ రూముల్లో బట్టలుతుక్కునే రోజు. ఫోర్‌మన్ చొక్కా ఆరేసిన చోటంటే అందరికీ అనుమతి ఇచ్చినట్టే. డ్రైవర్ జయరాముడు లుంగీ తెచ్చాడు. అతని వెనక తువ్వాళ్ళు, బనీన్లు, ఒక దుప్పటి వచ్చాయి. వాటిని వద్దనాలంటే ముందు ఫోర్‌మన్ చొక్కా తీయాలి, లీవు కావాల్సినవాడు ఆ పని చేయడు. దారం చెప్పినట్టు వినడం మేస్త్రీ ధర్మం. బరువుకు దారం మధ్యలో దిగింది, దానితో వరుసా దిగింది. పై వరుసకు దారాన్ని బట్టలతో సహా ఎత్తి కట్టారు.

ఆ మధ్యలో గంగన్న ఫోన్ వచ్చింది.

"తమ్మీ, నీ గులాబీ దారం నా తాననే ఉన్నది. చెయ్యంత చేప పడ్డది. దాని రంగు దిక్కు సూడనే లేదు."

లింబాద్రికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఈలోగా నమాజు ముగిసి, అజీజా మేడం కారు మలుపు తిరిగింది. అందరూ పరుగున వచ్చి బట్టలు లాక్కుపోయారు. అప్పుడు గోడ బయటపడింది. నడిమధ్యన కుక్కి మంచంలా కుంగి ఉంది.

"ఇది మళ్ళా కట్టేదాకా నువ్వు యాడికీ పొయ్యేది లేదు," అన్నాడు వీరబ్రహ్మం, తడి చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

బిడ్డ పుట్టేనాటికి తాను ఇక్కడే తాపీ పట్టుకుని ఉంటానన్న తలపుకు లింబాద్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అజీజా మేడం గోడ వెంట నడిచి, సరిగ్గా కుంగిన చోట ఆగింది. ఆ వంపు మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత మొహమాటపడుతూ హిందీలో చెప్పింది. తన తల్లి రోజూ సాయంత్రం కాఫీకి ఎదురింటికి వెళుతుంది. చుట్టూ తిరిగి పోలేకపోతోంది. ఇక్కడే ఒక చిన్న గేటు కావాలి. కట్టిన గోడ పగలగొట్టమంటే వీళ్ళ మనసు నొచ్చుకుంటుందేమోనని చెప్పలేకపోయింది.

మేడం మనసు ముందే గ్రహించి అక్కడ తగ్గించే కట్టించామని వీరబ్రహ్మం తడుముకోకుండా చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోయి, ఇంత తెలివైన మేస్త్రీ ఎవరని అడిగింది. లింబాద్రిని చూపించక తప్పలేదు. అయితే గేటు స్తంభాలు కూడా రేపటి నుంచి ఈయనే కట్టాలని ఆమె పట్టుబట్టింది.

మెప్పు ఇంత ముంచుతుందని లింబాద్రి ఎప్పుడూ అనుకోలేదు. ఇక దాచుకోలేక, భార్యకు కాన్పని, ఎల్లుండే విమానమని, సంతకం ఒక్కటే మిగిలిందని వచ్చీరాని హిందీలో చెప్పేశాడు. ఆమె వీరబ్రహ్మం వైపు తిరిగి, మరి ఈ మనిషి ఇంకా ఇక్కడెందుకున్నాడని అడిగింది.

సంతకం ఆమె కారు బానెట్ మీదే అయిపోయింది.

"పోయిరా. బిడ్డ పుడితే ఫోన్ చెయ్యి," అన్నాడు వీరబ్రహ్మం. ఆయన గొంతులోనూ కాస్త ఊరట వినిపించింది. లింబాద్రి ఆ కాగితాన్ని మడవడానికి కూడా మనసొప్పక రెండు చేతులతో పట్టుకుని రూమ్‌కు నడిచాడు. లంచంగా పనికిరాకుండా పోయిన చేపను ఆ సాయంత్రం అందరూ పులుసు పెట్టుకుని తిన్నారు. వీరబ్రహ్మానికీ ఓ గిన్నెడు పంపారు.

మర్నాడు గేటు కోసం ఆ కుంగిన చోట పగలగొట్టడానికి ముగ్గురు మనుషులకు పొద్దు కుంకేదాకా పట్టింది, లింబాద్రి పనితనంలో లోపం లేదని ముగ్గురూ ఒప్పుకున్నారు.