మూడో నంబరు ప్లగ్గు

చలిగెడ్డ ఆసుపత్రి జీపుకి హీటర్ ప్లగ్గులుగా నలుగురు మనుషుల్ని నియమించి అప్పటికి పదకొండేళ్లయింది. కొండమీద చలికి డీజిల్ బండి ముందు లోపల వేడెక్కితే గాని స్టార్టవదు. ఇనప ప్లగ్గులైతే కాలిపోయినప్పుడల్లా మార్చాలి, మనుషులైతే రిటైరయ్యేదాకా మార్చక్కర్లేదు. అందుకని నాలుగు పర్మనెంటు పోస్టులు మంజూరయ్యాయి.

పని పెద్ద కష్టమేమీ కాదు. పొద్దున్నే బానెట్ ఎత్తి, ఎవరి సిలిండరు కన్నంలో వాళ్లు కుడి చూపుడు వేలు పెట్టాలి. డ్రైవరు తాళం తిప్పగానే అతని ముందు చిన్న లైటు వెలుగుతుంది. అది ఆరేలోగా వేలు ఎర్రగా కాగాలి. బండి అందుకున్నాక వేలు తీసి, కన్నానికి మూత బిగించి, హాజరు పుస్తకంలో అదే వేలితో ముద్ర వేసి టీకి వెళ్లొచ్చు. మూడో గడిలో మాత్రం రోజూ కాగితం కాలి చిల్లు పడేది. ఆడిట్ వాళ్లు దాన్ని రెండుసార్లు తప్పుబట్టారు.

ఆ మూడో నంబరు సివ్వేరి కొండబాబు. అతని వేలు తొలిరోజు నుంచీ నిప్పుకణికలా కాగేది. మిగతా ముగ్గురివీ ఎప్పుడో చల్లబడిపోయాయి. అయినా వాళ్లూ వేళ్లు పెట్టేవారు, తీసేవారు, ముద్రలు వేసేవారు. జీపు పాపం ఒక్క సిలిండరు మీద దగ్గుతూ, తెల్లపొగ కక్కుతూ, ముప్పావుగంటకి మిగతా మూడింటినీ లేపుకునేది. దాని తత్వమే అంత అని జనం సర్దుకుపోయారు.

కొండబాబూ సర్దుకుపోయేవాడే, కూతురు ముత్యాలుకి నెలలు దగ్గరపడకపోతే. తొలి కాన్పు. పిల్లకి రక్తం తక్కువగా ఉంది, నొప్పులు మొదలవగానే ఘాట్ రోడ్డు దిగి పెద్దాసుపత్రికి వెళ్లిపోవాలని నర్సమ్మ గట్టిగా చెప్పింది. ముప్పావుగంట పొగ చూస్తూ కూర్చుంటే కుదరదు. అతనికి భయం పట్టుకుంది. జీపు జబ్బేదో కనిపెట్టి బాగుచేయమని అర్జీ రాసి, కింద సంతకం పెట్టాడు.

ఇరవై రోజులకి జిల్లా నుంచి ఇంజనీరు సత్యమూర్తిగారు మీటరు పట్టుకుని వచ్చారు. వెంట మెకానిక్ చిన్నంనాయుడు ఉన్నాడు. నలుగురినీ వరసగా నిలబెట్టి, ఒక తీగ వేలికీ, ఇంకో తీగ చెవికీ తగిలించారు. ఒకటో నంబరు గవరయ్యగారి దగ్గర మీటరు ముల్లు కదల్లేదు. రెండు, నాలుగు దగ్గరా కదల్లేదు. కొండబాబు దగ్గర ఎగిరి అటు చివరికి పోయింది.

ఇంజనీరుగారు ఇంకోసారి చూసుకుని, ఫారంలో మూడో నంబరుకి ఎదురుగా ‘లోపం’ అని రాశారు.

“బాబూ, ముల్లు కదిలిందే మంచి ప్లగ్గండి,” అన్నాడు చిన్నంనాయుడు. “కదలని మూడూ ఎప్పుడో కాలిపోనాయి. ఆటిని మార్చాల.”

“నాలుగూ ఒకే రీడింగ్ చూపించాలని రూల్లో ఉందా, లేదా?”

“ఉందండి.”

“మూడు ఒక మాట మీదున్నాయి. ఒక్కటే వేరేగా చెబుతోంది. నన్నెవర్ని నమ్మమంటావు?”

చిన్నంనాయుడు తల గోక్కున్నాడు. “మరైతే ఓపాలి తాళం తిప్పి సూద్దారండి.”

“బండి స్టార్టవడం ట్రాన్స్‌పోర్టు సెక్షను పనయ్యా. నాది ప్లగ్గుల వరకే.”

గవరయ్యగారు కొండబాబు భుజం మీద చెయ్యి వేశారు. ప్లగ్గుల సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. “మొదట్నించీ సెప్తన్నాను కదరా. పదిమందితో పాటుండాల. అంతలాగ కాగిపోవాలేటి?” ఆ మాటలో దెప్పు లేదు. ఉన్నది నిజమైన జాలే.

“నా పిల్లకి నెలలు నిండినాయి బాబూ,” అన్నాడు కొండబాబు ఇంజనీరుతో. “నన్ను తీసేత్తే తీసీండి. బండి కదిల్తే సాలు.”

“దానికోసమేగా ఇంతదూరం వచ్చాను,” అన్నారాయన.

ఖాళీ అయిన పోస్టుకి అదే వారం ఇంటర్వ్యూ పెట్టి, వచ్చిన పదిహేను మందిలో ముల్లు బొత్తిగా కదలనివాణ్ని ఎంచుకున్నారు. నాలుగు రీడింగులూ సమానమయ్యాయి. మర్నాటినుంచి జీపు అసలు స్టార్టే కాలేదు కాబట్టి దగ్గూ లేదు, పొగా లేదు. ఫిర్యాదు పరిష్కారమైందని కొండబాబు పేరనే కాగితం వచ్చింది.

కదలని జీపుని తోయడానికి ఎనిమిది టెంపరరీ పోస్టులు వేశారు. పాత సర్వీసు చూసి కొండబాబుకి ఒకటిచ్చారు. అతను చెయ్యి పెట్టిన చోట వెనక తలుపు రంగు ఉడికి పెచ్చులూడుతోందని, ఒక దళసరి చేతితొడుగు కూడా ఇచ్చారు.

మంగళవారం పొద్దున ముత్యాలుకి నొప్పులొచ్చాయి. ఆమెను జీపులో పడుకోబెట్టారు, నర్సమ్మ పక్కన కూర్చుంది. కొండబాబు మరో ఏడుగురితో కలిసి తోశాడు. ప్లగ్గులు నలుగురూ డ్యూటీ ప్రకారం బానెట్ కింద వేళ్లు పెట్టి పక్కనే నడిచారు. మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది. లోపలినుంచి కూతురి కేకలు వినబడుతుంటే అతను ఇంకా గట్టిగా తోశాడు. మూడో మలుపులో బిడ్డ ఏడ్చింది. మగపిల్లాడు, తల్లి సొమ్మసిల్లింది గాని ప్రాణానికి ఫరవాలేదు అని నర్సమ్మ తలుపు తీసి చెప్పింది. జీపు సమయానికి అక్కరకొచ్చిందని అందరూ సంతోషించారు.

కొండబాబు లోపలికి వంగి, తొడుగు లేని ఎడం చేత్తో మనవడి పిడికిలి మెల్లగా విప్పి, కుడి చూపుడు వేలు పట్టుకున్నాడు. అది చురుక్కుమంది. అతని కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. పిల్లాణ్ని చూడ్డానికి గవరయ్యగారు ఇటే వస్తున్నారు. కొండబాబు గబగబా తన తొడుగు ఊడదీసి, ఆ చిన్న చేతికి భుజందాకా తొడిగాడు.

“బాగా సలిగా ఉందండి,” అన్నాడు.