పావురాలకు కట్టిన వేపమండ

ఆ రోజు పొద్దున ఇమామ్ సాహెబ్ అనుకున్నది చిన్న పని. జబ్బు చేసిన పావురాలను ఏరి ముందర అర్రలో మూసిపెట్టాలి. వాటి నీళ్ల మూకుడు వేరు చేయాలి. ఆ తర్వాత మిషన్ ముందు కూర్చుని పాన్‌గల్ వాళ్ల పెళ్లి షేర్వానీ కుట్టాలి. వనపర్తిలో ఆయన దర్జీ. పావురాల ముక్కుల మీద, కండ్ల చుట్టూ పొక్కులు లేచి, ఒకదాని నుంచి ఒకదానికి పాకుతున్నాయి.

ఆయన అసలు దిగులు చాందీ గురించి. అది తెల్లటి ఆడ పావురం. పైకి లేచిన మంద అది దిగితేనే దిగేది. మొన్న సాయంత్రం తిరిగి రాలేదు. వెనక ఇంటి పెద్దన్నకూ పావురాలున్నాయి. ఒకరి పావురం ఇంకొకరి మిద్దె మీద వాలితే తిరిగి ఇచ్చేయాలని ఇద్దరికీ ఒప్పందం. అడిగితే, "నా బిడ్డల మీద ఒట్టు సాబ్, కంట్ల గూడ చూడలే" అన్నాడు.

పొయ్యిలోకి నిప్పు అడగడానికి వచ్చిన పక్కింటి రుక్కమ్మ అర్రలోకి తొంగిచూసి చెంపలు వేసుకుంది. "అమ్మవారు పోసింది తమ్మీ! దర్వాజకు వేపమండలు కట్టు."

"అవి పావురాలక్కా."

"అయితే ఏంది? ఆ తల్లికి పిట్టలు వేరు, మనుషులు వేరా?"

ఇమామ్ సాహెబ్ భార్య హలీమాబీ ఆయనతో మెల్లగా అంది. "కట్టుండ్రి. మండలు చూస్తే ఎవ్వరు లోపలికి రారు. తలుపు తీస్తే జబ్బు పిట్టలు బయటపడ్తయని మీరే అంటిరి గద."

ఇమామ్ సాహెబ్‌కు ఆ మాట నచ్చింది. పీట ఎక్కి, దర్జీ కాబట్టి, రెండు పక్కలా సమంగా కట్టాడు.

పాలామె చెంబు వీధి మొదట్లోనే పెట్టి వెళ్లిపోయింది. షేర్వానీ కోసం వచ్చిన పాన్‌గల్ ఆయన దూరం నుంచే, "బట్ట గూడ మీరే ఉంచుకోండ్రి" అని అరిచి మళ్లిపోయాడు. ఎవరో గడప ముందు పెరుగన్నం పెట్టారు. మిద్దె మీది మంచి పావురాలు దిగి ఒక్క మెతుకు లేకుండా తిన్నాయి. ఖాళీ విస్తరి చూసి రుక్కమ్మ, "తల్లి ఆరగించింది" అని వాడకట్టంతా చెప్పి వచ్చింది.

అంతలో ఆ మాట విని మశూచి టీకాల సారు ఇస్రాయేలు దిగాడు. ఆయన్ను చూస్తే జనం రోగులను దాచేవారు. అందుకే ఆయన ఎవరి మాటా నమ్మేవాడు కాదు.

"ఎవరికి పోసింది?"

"పావురాలకు సార్."

ఇస్రాయేలు నిట్టూర్చాడు. "గోపాల్‌పేటల ఒకాయన బర్రెకు పోసిందన్నడు. వడ్ల గుమ్మిల చూస్తే ముసలమ్మ ఉన్నది. ముందుగాల చెయ్యి చాపు."

సూది వేశాక లోపలికి పోయి చూశాడు. పావురాల కండ్ల మీద నిజంగానే పొక్కులున్నాయి. ఆయన ముఖం పాలిపోయింది.

"పిట్టలదాకా పాకిందంటే ఎంత ముదిరిందో! పిల్లలను ఏడ దాచినవ్?"

"మాకు పిల్లలు లేరు సార్."

"ఇంత బాగా దాచినోళ్లను నేను చూడలే."

గడియలో వాడకట్టు మూతపడింది. వీధి చివర జవాను నిలబడ్డాడు. ఇల్లిల్లూ సోదా, చేతికి చిక్కినవాళ్లందరికీ టీకాలు. నొప్పి పుట్టిన చేతులు పట్టుకుని అందరూ ఇమామ్ సాహెబ్ వాకిట్లోకి వచ్చి తిట్టారు. పెద్దన్న గొంతు అందరికంటే పెద్దది. "నీ పిట్టల పిచ్చి పాడుగాను! మా చేతులు వాసినయి గద సాబ్!"

సోదా తన ఇంటి దగ్గరికి వస్తుండగా పెద్దన్నకు వీపనగండ్లలో అత్తగారింటి పని గుర్తొచ్చింది. బట్ట కప్పిన గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరాడు. జవాను ఆపాడు.

"గంపల ఏంది?"

"వంకాయలు."

వంకాయలు కదిలాయి.

ఇస్రాయేలు పరుగెత్తుకొచ్చాడు. "పసిపిల్లను గంపల పెట్టి దాటిస్తున్నవా? నువ్వు మనిషివేనా?" అంటూ బట్ట లాగేశాడు.

లోపల చాందీ ఉంది. ఒక కన్ను పొక్కులతో మూసుకుపోయింది. రెండో కంటితో అందరినీ చూసింది.

ఇమామ్ సాహెబ్ దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. "బిడ్డల మీద ఒట్టు పెడ్తివి పెద్దన్నా."

"నా పావురాలకు గూడ అంటింది సాబ్. వాపస్ ఇద్దామనే పోతున్న."

"వీపనగండ్ల తొవ్వలనా?"

ఇస్రాయేలు చాందీని చూశాడు. చేతిలో సూదిని చూశాడు. చేతులు పట్టుకుని నిలబడ్డ జనాన్ని చూశాడు. "అంటే పావురాలకేనా?"

"పొద్దటి సంది అదే చెప్తున్న సార్."

"జర గట్టిగ చెప్పొద్దా!" అని ఆయన సంచీ సర్దుకున్నాడు.

ఇమామ్ సాహెబ్ చాందీని ముందర అర్రలో దించి, దానికి వేరే మూకుడులో నీళ్లు పెట్టాడు. మిగిలిన వేపమండలు తీసుకుపోయి పెద్దన్న దర్వాజకు తన చేతులతోనే కట్టాడు, రెండు పక్కలా సమంగా. కొన్నాళ్లకు పొక్కులు రాలాయి. చాందీ మళ్లీ ఎగిరి, మందను వెంటేసుకుని దిగింది.

అప్పటి నుంచి ఆ వాడకట్టులో పావురం తప్పిపోతే ఎవరూ ఇల్లిల్లూ తిరిగి అడగరు. ఏ దర్వాజకు వేపమండలున్నాయో చూసి, ముందు ఆ తలుపే కొడతారు.