చెవులకు వారం రోజుల సెలవు

దుర్గాంబకు ఇయర్ మఫ్ కావలసి వచ్చింది. హెడ్‌ఫోన్లలా నెత్తి మీంచి పెట్టుకుని, తుపాకీ చప్పుడు తగలకుండా రెండు చెవులనూ కప్పేసే వస్తువు అది. ఈ వార్త ఆమె భర్త బుల్లబ్బాయికి ఎందుకంత సంతోషం కలిగించిందో అర్థం కావాలంటే ముందు అతని ఉద్యోగం గురించి చెప్పుకోవాలి.

బుల్లబ్బాయి పేరులో మాత్రమే బుల్లి. తూకానికి తొంభై ఆరు కేజీలు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాడు. మూడు నెలల కోర్సు చేస్తే చాలు, ఏదో ఒక కంపెనీ పిలిచి ఉద్యోగం ఇస్తున్న రోజులవి. ఒక్కో బ్యాచ్‌కి నూట ఇరవై మంది. పొద్దున్న ఏడింటి నుంచి మైకు పట్టుకుని, పక్క గదిలో జావా చెప్పే ఆయన మైకు కంటే గట్టిగా అరవాలి. ఊళ్లోవాళ్ల ప్రోగ్రాముల్లో తప్పులు ఎలా పట్టాలో రోజంతా చెప్పి మధురానగర్‌లో ఇంటికి చేరితే, అక్కడ తన తప్పులన్నీ దుర్గాంబ పట్టి ఉంచుతుంది.

"కరెంటు బిల్లు కట్టారా?"

"రేపు కడతాను."

"అటక దులుపుతానన్నారు. ఉగాది వెళ్లి నెలయింది."

"ఆదివారం చూద్దాం."

"కూరగాయలు తెమ్మంటే కొత్తిమీర కట్ట ఒక్కటి తెచ్చారు. అది కూర ఎలా అవుతుందండీ?"

బుల్లబ్బాయి పేపరు అందుకున్నాడు. అతనికి కావలసింది నిశ్శబ్దం, అదీ రోజుకు ఓ రెండు గంటలు.

దుర్గాంబ పంజగుట్టలో ఒక బీమా ఆఫీసులో పనిచేస్తుంది. ఆర్నెల్ల కిందట ఆఫీసువాళ్లు ఆడవాళ్లందరినీ సరదాగా ఊరి చివర రైఫిల్ క్లబ్బుకు తీసుకెళ్లారు. మిగతావాళ్లు తుపాకీతో ఫొటోలు దిగి వచ్చారు. దుర్గాంబ ఐదు గుళ్లు పేల్చింది. ఐదూ రూపాయి బిళ్లంత చోట పడ్డాయి. అప్పటి నుంచి ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఇప్పుడు క్లబ్బులో కొత్తవాళ్లకు పోటీ పెట్టారు. మొదటి ముగ్గురిని రాష్ట్ర పోటీలకు పంపుతారు. ఇల్లూ ఆఫీసూ కాకుండా తనకంటూ ఒకటి ముప్పై నాలుగో ఏట దొరికిందని దుర్గాంబ ఆ పోటీ మీద ఆశంతా పెట్టుకుంది.

ఇన్నాళ్లూ క్లబ్బు మఫ్‌లతోనే నడిచిపోయింది కానీ, పోటీ రోజు అవి అందరికీ చాలవు. కోచ్ ఖలీద్ ముందే చెప్పేశాడు.

"మేడమ్, దూది పెట్టుకొని వస్తే లైన్ మీదికి రానియ్య. చెవి పోతే మళ్ల రాదు. మంచి మఫ్ తెచ్చుకోండ్రి. ఎలక్ట్రానిక్‌ది అయితే నేను చెప్పే మాట సుత వినపడ్తది."

దుర్గాంబ ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పగానే, "ఆ పని నాకు వదిలెయ్" అన్నాడు బుల్లబ్బాయి.

పెళ్లయిన పదకొండేళ్లలో అతను ఒక పనికి తనంతట తాను ముందుకు రావడం అదే మొదటిసారి. దుర్గాంబ ఒక క్షణం అతని మొహంలోకి చూసి, సరేనంది. ఆమెకు అనుమానం అప్పుడే వచ్చి ఉండాలి.

అమీర్‌పేట గల్లీలో మతీన్‌కు ఒక దుకాణం ఉంది. ఫ్యాక్టరీ హెల్మెట్ల నుంచి చేతి తొడుగుల దాకా, మనిషికి దెబ్బ తగలకుండా కాపాడే వస్తువులన్నీ అక్కడ దొరుకుతాయి. సోమవారం సాయంత్రం బుల్లబ్బాయి వెళ్లగానే మతీన్ మూడు రకాలు బల్ల మీద పెట్టాడు.

"గిది స్పంజి, సార్. చెవుల కుక్కుకోవాలె. సస్తా మాల్. గిది మామూలు మఫ్. పెట్టుకుంటే అన్నీ బంద్, కోచ్ పిలిచినా వినపడదు. గీ మూడోది ఎలక్ట్రానిక్. బయట మైకులుంటయి. చిన్న సప్పుడును పెద్దగ చేసి వినిపిస్తది. తుపాకి పేలంగనే దానంతట అదే ఆపేస్తది. గీ బటన్ తిప్పి బంద్ చేస్తే మామూలు మఫ్ లెక్కనే."

"అంటే, కావాలంటే వినచ్చు, వద్దంటే మానేయచ్చు?"

"అవ్ సార్."

"ఇంట్లో మాటలు కూడానా?"

మతీన్ అతని వంక చూశాడు. "పోటీకే కదా, సార్, కొంటున్నరు?"

"పోటీకే, పోటీకే."

"అయితే జర పల్చటి కప్పులది తీస్కోండ్రి. దొడ్డ కప్పుకు తుపాకి కట్టె తగుల్తది, చెంప ఆనియ్యరాదు. పల్చటిదాంట్ల సుత మస్తు ధర లేనిది ఉన్నది."

బుల్లబ్బాయి దొడ్డ కప్పులదే తీసుకున్నాడు. ఎలక్ట్రానిక్‌వాటిలో అదే చవక అని పైకి చెప్పాడు. కప్పు ఎంత మందమైతే నిశ్శబ్దం అంత మందంగా ఉంటుందని లోపల అనుకున్నాడు.

ఇంటికి రాగానే తనే తగిలించుకుని, అద్దంలో చూసుకుని, దుర్గాంబకు వివరించాడు.

"ఇవి కొత్త చెప్పుల్లాంటివి. ముందు ఎవరో ఒకరు తొడిగి కాస్త సాగదీయాలి. లేకపోతే నీ చెవులు కమిలిపోతాయి. ఆదివారం దాకా నేను పెట్టుకుని దారికి తెస్తాను."

"మీ చెవులు కమిలిపోవా?"

"నీ కోసం భరిస్తాను."

"పెట్టుకుంటే నా మాట వినపడుతుందా?"

"ఒక్క ముక్క వినపడదు" అన్నాడు బుల్లబ్బాయి విచారంగా.

ఆ సాయంత్రం అతను బటన్ బంద్ చేసి పేపరు మొదటి పేజీ నుంచి టెండర్ల ప్రకటనల దాకా చదివాడు. ఎదురుగా దుర్గాంబ పెదవులు కదులుతున్నాయి. కరెంటు బిల్లని పోల్చుకున్నాడు. తల అడ్డంగా ఊపి, చెవులు చూపించి, మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయాడు. కాపురంలో ఇంత సుఖం ఉంటుందని ఎవరూ తనకు చెప్పలేదే అనుకున్నాడు.

మంగళవారం సాయంత్రం సరదాకి బటన్ తిప్పాడు. వంటింట్లో ఆవాలు చిటపటమన్న చప్పుడు అతని చెవిలోనే పోపు పెట్టినట్టు వినపడింది. ఆ వెనకే దుర్గాంబ గొంతు. చెల్లెలు మంజూషతో ఫోన్లో గుసగుసలాడుతోంది.

"రేపు ఆరింటికి మా ఇంటి ఓనరు రామ్మోహనరావు గారు వస్తారటే. వాళ్లబ్బాయికి ఇంట్లోనే టెస్టింగ్ నేర్పమని అడుగుతారట. ఈయనకి చెప్పలేదు. చెబితే ఇంట్లో ఉండరు."

బుల్లబ్బాయి పేపరు వెనక నవ్వుకున్నాడు. మర్నాడు ఐదున్నరకే "కరెంటు బిల్లు కట్టొస్తాను" అని బయటపడి, ఈ-సేవ లైన్లో రెండు గంటలు హాయిగా నిలబడ్డాడు. రామ్మోహనరావు గారు వచ్చి ఏమన్నారో తెలుసుకోవాలని ఉంది కానీ, అడిగితే విన్నట్టు తేలిపోతుంది. ఊరుకున్నాడు.

బుధవారం గుసగుస కూర గురించి. "ఇంట్లో కాకరకాయలు తప్ప ఏమీ లేవే. ఈయన సంచి నిండా తెస్తే సరి, లేకపోతే శనివారం దాకా కాకరకాయ పులుసే." కాకరకాయ పేరు చెబితేనే బుల్లబ్బాయి మొహం అదోలా అయిపోతుంది. గురువారం అతను క్లాసు నుంచి రెండు సంచులు మోసుకొచ్చాడు. అందులో కొత్తిమీర కూడా ఉంది.

"ఎవరు చెప్పారండీ తెమ్మని?" అంది దుర్గాంబ. అతను చెవులు చూపించాడు.

శుక్రవారం వినపడిన సంగతి అన్నిటికంటే భయంకరమైనది. "రేపు పిల్లలు ముగ్గుర్నీ తీసుకురా. ఈయనకి అప్పగించి మనిద్దరం సినిమాకి పోదాం. ఏ అటక మీదో ఉంటే తప్ప తప్పించుకోలేరులే." శనివారం పొద్దున్న కాఫీ తాగిన వెంటనే బుల్లబ్బాయి నిచ్చెన వేసుకున్నాడు. మధ్యాహ్నం దాకా అటక దులిపి, ఒళ్లంతా బూజుతో, మఫ్ తీయకుండానే కిందికి దిగాడు. మంజూష రాలేదు, పిల్లలూ రాలేదు. వారం రోజులుగా ఒక్క పనికి కూడా చిక్కలేదని అతను ఒళ్లు రుద్దుకుంటూ లెక్క వేసుకున్నాడు.

సాయంత్రం దుర్గాంబ చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వండి. రేపే కదా, ఒకసారి పెట్టుకుని చూస్తాను."

పెట్టుకుంది. బుల్లబ్బాయి తలకు వారం రోజులు సాగిన పట్టీ ఆమె తల మీద నిలవలేదు. చెవుల మీంచి జారి మెడలో పడింది. చేత్తో పట్టుకుని, కర్టెన్ కర్రను తుపాకీలా భుజానికి ఆనించి చెంప వంచింది. దొడ్డ కప్పు కర్రకు అడ్డం పడింది. ఇంకోలా వంచి చూసింది. అప్పుడూ అంతే.

దుర్గాంబ కర్ర పక్కన పెట్టి, "పోటీ పొద్దున్న తొమ్మిదింటికి" అని మాత్రం అంది.

తిట్టి ఉంటే బుల్లబ్బాయికి అలవాటైన వ్యవహారంలా ఉండేది. ఆ ఒక్క మాటకు అతను సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఆర్నెల్లుగా ఆమె ఆదివారాలు ఎంత హుషారుగా తెల్లవారేవో గుర్తొచ్చింది. రెండు గంటల నిశ్శబ్దం కోసం తను ఎంత పని చేశాడో తెలిసొచ్చింది. స్నానం చేసిన తల ఆరకుండానే స్కూటర్ తీశాడు.

మతీన్ అతన్ని చూసి ఏమీ అడక్కుండా బల్ల కింది నుంచి ఒక డబ్బా తీశాడు. కానీ చేతికివ్వలేదు.

"పల్చటి కప్పులది, సార్. భాభీ మంగళారమే వచ్చి పైసలిచ్చి పోయింది."

"మంగళవారమా?"

"అవ్. మధ్యాహ్నం. డబ్బా మీద మా దుకాణం పేరు చూసి వచ్చిందంట. మీరేం కొన్నరో చూపియ్యమన్నది. బటన్ సంగతి సుత మొత్తం అడిగి తెలుసుకున్నది. 'శనివారం మా ఆయన వస్తరు, వారం దినాలు ఏం చేసిండ్రో ఆయన నోటితోనే చెప్తే ఇయ్యి, లేకుంటే రేపు పొద్దుగాల నేనే తీస్కపోత' అన్నది."

మంగళవారం మధ్యాహ్నం. మొదటి గుసగుస మంగళవారం సాయంత్రానిది. బుల్లబ్బాయికి బిల్లు, కూరగాయలు, అటక అన్నీ కళ్ల ముందు తిరిగాయి. దుకాణంలో చేతి తొడుగులు బేరం చేస్తున్న ఇద్దరు కూడా బేరం ఆపేసి ఇటు తిరిగారు. వాళ్ల ముందే మొత్తం చెప్పాడు.

మతీన్ ఓపిగ్గా విని డబ్బా ఇచ్చాడు. "అటక సుత దులిపిండ్రా, సార్?"

"దులిపాను."

"మా ఇంట్ల సుత ఒకటి ఉన్నది."

ఆదివారం క్లబ్బులో చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా మఫ్ పెట్టుకోవాలన్నారు. బుల్లబ్బాయి తన దొడ్డ మఫ్ జారకుండా గడ్డం కింద రుమాలుతో ముడి వేసుకుని, దుర్గాంబ వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె చెవులకు పల్చటిది అతికినట్టు సరిపోయింది. మొదటి పది గుళ్లు అయ్యేసరికి దుర్గాంబ నాలుగో స్థానంలో ఉంది. బుల్లబ్బాయి పిడికిళ్లు బిగించాడు. ఒక్క మెట్టు, ఇంకొక్క మెట్టు ఎక్కితే చాలు. ఆమె తుపాకీ ఎత్తిన ప్రతిసారీ అతను ఊపిరి బిగబట్టి, దించగానే వదులుతున్నాడు.

మధ్యలో విరామం ఇచ్చారు. దుర్గాంబ వెనక్కి తిరగకుండానే మెల్లగా అంది. "గొంతు ఆరిపోతోంది. నీళ్ల సీసా స్కూటర్ డిక్కీలో ఉండిపోయింది."

ఈ వారంలో విన్న గుసగుసలన్నీ ఎలా ముగిశాయో బుల్లబ్బాయికి గుర్తుంది. కానీ ఇది నిజమైతే? ఆమె ఈ రోజు దాహంతో ఓడిపోతే తనను తాను క్షమించుకోలేడు. తొంభై ఆరు కేజీలతో లేచి, గేటు దాకా పరుగెత్తి, సీసా తీసుకుని మళ్లీ పరుగెత్తాడు.

విరామం ముగిసిందని అతన్ని గుమ్మం దగ్గరే ఆపేశారు, లోపలికి వదిలేసరికి పోటీ అయిపోయింది. ఖలీద్ బోర్డు మీద పేర్లు రాస్తున్నాడు. రెండో పేరు దుర్గాంబది. బుల్లబ్బాయికి కళ్లు తడిశాయి. సీసా పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె పక్కన ఇంకో నీళ్ల సీసా ఉంది, సగం ఖాళీగా.

"ఇదేంటి దుర్గా?"

"వెనక మీరు ఊపిరి బిగబట్టి వదులుతుంటే ఇందులోంచి నాకు కొలిమి తిత్తి చప్పుడులా వినపడుతోందండీ. చెయ్యి అదిరిపోయింది. మీరు ఇక్కడుంటే నాలుగో స్థానమే."

బుల్లబ్బాయి గడ్డం కింది ముడి విప్పుకుని బెంచీ మీద కూలబడ్డాడు. ఇంకా రొప్పుతున్నాడు.

"రెండోది వచ్చింది దుర్గా" అన్నాడు.

"వచ్చింది. ఆ నీళ్లు తాగండి. పరుగెత్తుకొచ్చారు."