అగ్గిపుల్ల ధరకు ఒక మనిషి

మనుషుల్లో ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అనే తేడాలన్నీ పాతబడిపోయాయి. ఇప్పుడు భూమ్మీద మిగిలినవి రెండే జాతులు: లీడ్లు, ఇంకా లీడ్లు కానివాళ్ళు. ఫోనులో ప్రకటన చూసి, దాని కింది ఫారంలో పేరూ నెంబరూ నింపి పంపినవాడు లీడు. అలాంటివాణ్ణి ఒక్కణ్ణి పట్టడానికి ప్రకటనల మీద తగలేసిన మొత్తం లీడు ఖర్చు. వినోద రంగంలో ‘జనం నవ్వారా?’ అని అడిగే అమాయకులు ఎప్పుడో అంతరించారు. ‘లీడు ఎంతకి పడింది?’ అనే అడుగుతారు.

మూడు వందల కుర్చీల మ్యాజిక్ హాలుకి ఈ సత్యం కాస్త ఆలస్యంగా చేరింది. అక్కడ పందొమ్మిదేళ్ళుగా అన్నయ్య మెజీషియన్. చెల్లెలు పెట్టెలో పడుకుని, రంపంతో రెండు ముక్కలై, మళ్ళీ ఒక్కటై లేచి, చీర సర్దుకుని, టికెట్ల లెక్క చూసుకునేది. పోయిన శనివారం షోకి ఇరవై ముగ్గురు వచ్చారు. (అందులో ఇద్దరు నిద్రపోవడానికి.)

హాలు ఓనరమ్మ స్వయంగా వచ్చి చెప్పింది. “చూడవయ్యా, వచ్చే శనివారం సగం హాలు నిండాలి. నూటయాభై తలకాయలు నేనే లెక్కపెడతాను. ఒక్కటి తగ్గినా ఆదివారం పొద్దున్నే జిమ్ము వాళ్ళకి తాళాలిచ్చేస్తా. వాళ్ళ పరుగు మిషన్లు బయట లారీలో ఎదురుచూస్తున్నాయి.”

అన్నయ్య చేతిలో పేకముక్క జారి కింద పడింది. పందొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. మర్నాడే లీడు నిపుణుణ్ణి పిలిపించాడు.

నిపుణుడు అఖండ వినోద లీడు వ్యయ మండలి నుంచి రెండో తరగతి ధ్రువపత్రం పొందినవాడు. మొదటి రోజు ‘మ్యాజిక్ షో, శనివారం, మీరు వస్తారా?’ అని ప్రకటన వేశాడు. ఒక్కో లీడూ ఒక జత బూట్ల ధర పలికింది.

నిపుణుడు పెదవి విరిచాడు. “‘వస్తారా’ అని అడిగితే జనం ఆలోచనలో పడతారు సార్. ఆలోచన లీడుకి శత్రువు. తీసేద్దాం.”

తీసేశాడు. లీడు టీ ధరకి దిగింది. తర్వాత ‘శనివారం’ తీసేశాడు, కొందరికి ఆదివారం ఇష్టమని. లీడు బిస్కెట్టు ధరకి దిగింది. ఆపైన ‘మ్యాజిక్’, ఆ వెనకే ‘షో’ కూడా ఎగిరిపోయాయి. బుధవారం మధ్యాహ్నానికి ప్రకటనలో ఒక నీలం రంగు బటనూ, దాని కింద ఒక ఫారమూ తప్ప ఏమీ మిగల్లేదు. లీడు ఖర్చు అగ్గిపుల్ల స్థాయిని తాకింది. నాలుగు వేల నూట పన్నెండు మంది పేర్లు వచ్చిపడ్డాయి.

“పడిపోయిందే చెల్లీ!” అన్నయ్య గంతులేశాడు.

“ఏం పడింది అన్నయ్యా?”

“లీడు ఖర్చు!”

“మరి టికెట్లు?”

“అవి ఎప్పుడో పడిపోయాయిగా, వాటి గొడవ దేనికిప్పుడు?”

టికెట్లు మూడు అమ్ముడయ్యాయి. చెల్లెలు కొంగు బిగించి ఫోను అందుకుంది.

“నమస్తే అండీ, మీరు మా ఫారం నింపారు కదా...”

“నింపానమ్మా. చాలా బాగుంది.”

“ఏది బాగుందండీ?”

“ఫారమే. చిరునామాకి రెండు గళ్ళిచ్చారు. ఈ రోజుల్లో ఎవరిస్తున్నారు తల్లీ?” అంది అవతల ఒక రిటైర్డు టీచరు. “ఇంటి పేరుకి వేరే గడి కూడా పెట్టి ఉంటే ఇంకా నిండుగా ఉండేది.”

ఇంకొకాయన నిన్న పదకొండు ఫారాలు నింపాడట. ఏనుగుల సర్కసు, పడవ ప్రయాణం, మోకాళ్ళ నూనె, ఇది. మరో ఆవిడ, “వేరేది ఉంటే పంపించు, మావారు కూడా ఖాళీగానే ఉన్నారు” అంది. నలభై ఫోన్లు చేసేసరికి చెల్లెలికి విషయం బోధపడింది. లీడు ఖర్చు తగ్గించమని ప్రకటనలు చూపించే యంత్రానికి చెప్తే, అది ఊరంతా గాలించి, మ్యాజిక్ ఇష్టమైనవాళ్ళని పక్కకి తోసేసి, ఫారాలంటే ప్రాణం పెట్టేవాళ్ళని ఏరి తెచ్చింది.

నలభై ఒకటో ఫోనులో చెల్లెలి గొంతు మారింది. “శనివారం సాయంత్రం ఆరింటికి మా హాలుకి రండి. ప్రతి కుర్చీ మీదా ఒక ఫారం ఉంటుంది. అసలు సిసలు కాగితం ఫారం. ముప్ఫై ఒక్క ప్రశ్నలు.”

అవతల ఊపిరి ఆగింది. “వెనక పేజీ కూడానా?”

“వెనక పేజీ కూడా.”

“పెన్ను మీరిస్తారా, మమ్మల్ని తెచ్చుకోమంటారా?”

ఇది విని నిపుణుడు నిలువునా వణికిపోయాడు. “మేడమ్, మీరు లీడ్లని పిలుస్తున్నారా? ఇక్కడికా? మండలి తొమ్మిదో నియమం చదవలేదా? లీడుని కళ్ళారా చూడరాదు. చూస్తే ప్రేక్షకుడైపోతాడు. లెక్కలోంచి పోతాడు!”

“పోతే పోనీవయ్యా బాబూ. కుర్చీలోకి వస్తే చాలు.”

శనివారం ఐదున్నరకే వీధి చివరిదాకా లైను. అందరి జేబుల్లో రెండేసి పెన్నులు. ఒకాయన అట్ట తెచ్చుకున్నాడు, మెత్తగా ఆనించి రాసుకోవడానికి. ఓనరమ్మ గుమ్మంలో నిలబడి ఒక్కో తలకాయనీ వేలితో తాకి లెక్కపెట్టింది. నూట నలభై తొమ్మిది దగ్గర ఆగింది. చెల్లెలి గుండె కూడా ఆగింది. అంతలో టీచరమ్మ, వెనకే ముప్ఫై నలుగురు స్నేహితురాళ్ళు. నూట ఎనభై నాలుగు!

తెర లేచింది. అన్నయ్య టోపీలోంచి పావురాన్ని తీశాడు. ఒక్క తల లేవలేదు. పావురం అలిగినట్టు ఎగిరి మూడో వరసలో ఒకాయన ఫారం మీద వాలింది. ఆయన ‘జతపరచిన పత్రాలు’ అన్న చోట ‘పావురం, ఒకటి’ అని రాసుకుని ముందుకు సాగాడు.

చెల్లెలు పెట్టెలో పడుకుంది. రంపం కర్రుకర్రుమంది. ఈ ఘట్టంలో ఎవరో ఒకరు కెవ్వుమనడం పందొమ్మిదేళ్ళ ఆనవాయితీ. ఈసారి ఒక చెయ్యి లేచింది.

“పద్నాలుగో ప్రశ్నకండీ, పెళ్ళి కానివాళ్ళు గీత పెట్టాలా, ఖాళీ వదలాలా?”

అన్నయ్య రంపం పట్టుకునే కిందికి దిగాడు, చూసి చెప్దామని. చూశాడు. పక్కనే కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చున్నాడు.

“అన్నయ్యా!” పెట్టె పై సగంలోంచి చెల్లెలి కేక. “నన్ను కలుపు!”

“ఉండవే, పుట్టిన తేదీ అడుగుతోంది!”

పరిస్థితి చూసి నిపుణుడు వేదికెక్కి, రెండు ముక్కలనూ రెండు లీడ్లుగా నమోదు చేసుకున్నాడు. ఒక్క సందేహం మాత్రం అడిగాడు. “మేడమ్, కాళ్ళ వైపు ఫోన్ నెంబరు వేరేదా?”

“కిందికి దిగానంటే అదే కాలితో చెప్తా!”

చివరికి టీచరమ్మే, ఫారం పూర్తయ్యాక, కళ్ళజోడు తీసి పైకి వచ్చి పెట్టె గొళ్ళెం తీసింది.

ఓనరమ్మ కళ్ళు చెమర్చాయి. “ఇంత బుద్ధిగా కూర్చున్న జనాన్ని ఈ హాల్లో నేనెప్పుడూ చూడలేదు. ఒక దగ్గు లేదు, ఒక ఈల లేదు.” అక్కడికక్కడే ఇంకో మూడేళ్ళకి హాలు రాసిచ్చింది. లారీలో పరుగు మిషన్లు వెనక్కి వెళ్ళిపోయాయి. అన్నాచెల్లెళ్ళు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, ఖాళీ హాల్లో గిరగిరా తిరిగారు.

తర్వాత ఇద్దరూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఫారాల దొంతర ముందేసుకున్నారు. ముప్ఫై ఒకటో ప్రశ్న: ‘కార్యక్రమంలో మీకు ఇబ్బంది కలిగించినది ఏమైనా ఉందా?’ నూట ఎనభై నలుగురూ, ఒకరి కాగితం ఒకరు చూడకుండానే, ఒకే జవాబు రాశారు. ‘ముందువైపు వేదిక మీద ఎవరో చప్పుడు చేస్తున్నారు.’

ఆ తర్వాతి శనివారం నుంచి ఆ లోపాన్ని సవరించారు.