ఒలిచిన ఓడ

ఆ ఆదివారం పొద్దున గొడవ ఆమ్లెట్ దగ్గర మొదలైంది. గుమాస్తాగారు పళ్ళెం అటూ ఇటూ తిప్పి చూసి, "క్వాలిటీకి ఎనిమిది. ప్రెజెంటేషన్‌కి అయిదే. అంచు చిరిగింది," అన్నారు. ఇల్లాలు పళ్ళెం వెనక్కి లాక్కుంది. చిరక్కుండా వడ్డించాలంటే ముందు బల్ల మీద చోటుండాలంది. వారంనుంచి ఆ భోజనాల బల్లలో సగం ఒక అట్టపెట్టె ఆక్రమించింది. మిగిలిన సగంలో గుమాస్తాగారు, ఇల్లాలు, చుట్టపుచూపుగా వచ్చిన ఆయన అత్తగారు మోచేతులు ముడుచుకుని తింటున్నారు.

ఆ పెట్టెలో, బొమ్మల దుకాణాయన సమీక్ష కోసం ముందుగా ఇచ్చిన ప్లాస్టిక్ ఓడ కిట్ ఉంది. గుమాస్తాగారికి ఇలాంటి కిట్లంటే ప్రాణం. అతికించి బొమ్మ చెయ్యడం కన్నా మార్కులు వేసి తమ బొమ్మల క్లబ్బు పత్రికకి సమీక్ష రాయడం ఇంకా ఇష్టం. ఈ ఓడ అమ్మకం ఆ సాయంత్రమే బొమ్మల దుకాణంలో మొదలవుతుంది. క్లబ్బు ప్రెసిడెంటు ఎదుట పెట్టె తెరిచి, లోపలి సరుకంతా చూపించే పని ఈయనది. అది సవ్యంగా జరిగితే ఈ ఏడాది పోటీలో జడ్జి కుర్చీ ఈయనకే ఇస్తామన్నారు. ఆ కుర్చీ మీద ఆయనకి ఏళ్ళ తరబడి కన్నుంది. సమీక్ష ముందే రాసి పంపేశారు: క్వాలిటీకి పది, ప్రెజెంటేషన్‌కి పది. లోపలి సంచులు మాత్రం విప్పలేదు. అంత ముద్దుగా సర్దిన సంచులు విప్పడానికి ఆయనకి చేతులు రాలేదు.

క్షవరానికి బయల్దేరుతూ, పెట్టెకేసి చూసి నిట్టూర్చారు. మూడువందల పైచిలుకు ముక్కలు చట్రాలకి కాయల్లా వేలాడుతున్నాయనీ, వాటిని తుంచి వేరు చెయ్యడానికే రెండు నెలలు పడుతుందనీ అత్తగారితో మొరపెట్టుకున్నారు.

అత్తగారి మనసు కరిగింది. వచ్చిన దగ్గర్నుంచీ కూతురు ఏ పనీ ముట్టుకోనివ్వక ఆవిడ చేతులు ఊరుకోలేకపోతున్నాయి. ఆదివారం కాబట్టి మంగలి దుకాణంలో వరస పెద్దది. ఇల్లాలు మేడ మీద బట్టలు ఆరేసి, రెండిళ్ళ కబుర్లు విని కిందికి వచ్చేసరికి, అత్తగారు ఓడనంతా చిక్కుడుకాయలు ఒలిచినట్టు ఒలిచేసి చీర దులుపుకుంటున్నారు.

ఇల్లాలు ఫోన్ చేసి, ఉన్నపళంగా రమ్మంది. గుమాస్తాగారు ఉన్నపళంగానే వచ్చారు. మెడకి మంగలి గుడ్డ ఉంది. తలకి కుడివైపు క్షవరం అయింది, ఎడమవైపు కాలేదు.

"అన్నీ తుంచి, కడిగి, సైజుల వారీగా డబ్బాల్లో వేశాను బాబూ," అన్నారు అత్తగారు. "మీరిక అతికించుకోవడమే." పొగగొట్టాలు టీపొడి డబ్బాలో ఉన్నాయి. పడవలు పంచదార డబ్బాలో, కంటికి ఆనని కమ్మీలు మాత్రల సీసాలో ఉన్నాయి.

ఏ ముక్క ఎక్కడిదో చెప్పే అంకె ముక్క మీద ఉండదు. పక్కనున్న చట్రం మీద ఉంటుంది. గుమాస్తాగారు నోరు తెరిచారు. అత్తగారి మొహం చూసి మూసుకున్నారు. చట్రాలెక్కడని మెల్లగా అడిగారు.

"ఆ పుల్లలా? చెత్తబండికి ఇచ్చేశాను."

ఆయన మంగలి గుడ్డ ఎగురుతుండగా వీధి చివరిదాకా పరుగెత్తారు. చట్రాలు ముచ్చటగా ఉన్నాయని పక్కింటావిడ అడిగి తీసుకుందని బండివాడు చెప్పాడు. అప్పటికే ఆవిడ వాటిని పూలకుండీల్లో గుచ్చి, తీగలు పాకించి, దారాలు కట్టేసింది. వాటి బదులు తీగలకి వేరే ఆసరా ఏదని నిలదీసింది. చివరికి గుమాస్తాగారు తమ ఇంటి బట్టల స్టాండు ఇచ్చి చట్రాలు విడిపించుకున్నారు. స్టాండు మీది తడిబట్టలు కుర్చీల మీదికి వచ్చాయి. కుర్చీల్లోని మనుషులు నేల మీదికి దిగారు.

అలా దిగి, సాయంత్రంలోగా సరుకంతా ఎప్పటిలా కనబడాలని ముగ్గురూ జిగురు సీసా చుట్టూ చేరారు. ముక్కల్ని చట్రాల నుంచి వేరు చెయ్యడానికే రెండు నెలలని మొరపెట్టుకున్న గుమాస్తాగారు, ఇప్పుడు వాటిని తిరిగి చట్రాలకి అతికిస్తున్నారు. ఇల్లాలు తుంచిన మొదలు చూసి ముక్కకి జత వెతికి ఇస్తోంది. కన్ను ఎక్కడా తప్పడం లేదు. అత్తగారు చూపుడు వేలికి ఒక పడవ అంటుకుపోయినా పట్టించుకోకుండా జిగురు రాస్తున్నారు.

సాయంత్రానికి అన్నీ అయి, ఓడ ఒంటికి చెందిన రెండు పెద్ద సగాలే మిగిలాయి. అత్తగారు వాటిని పక్కపక్కన పట్టుకుని చూశారు.

"ఇవేమిటి బాబూ, రెండూ కుడికాలి చెప్పుల్లా ఉన్నాయి?"

తిరగేసి పట్టుకోమన్నారు గుమాస్తాగారు. తిరగేశారు. తలకిందులు చేశారు. ఎలా పట్టుకున్నా అవి రెండూ కుడి సగాలే. ఎడమ సగం అసలు లేదు. అప్పుడే దుకాణాయన ఫోన్ చేసి, సమీక్షని ఫ్రేము కట్టించి కిటికీలో వేలాడదీశానని, ప్రెసిడెంటుగారు దాన్ని రెండుసార్లు చదివారని సంతోషంగా చెప్పాడు.

గుమాస్తాగారు ఫోన్ పెట్టేశారు. "సంచిలో పెట్టి దూరం నుంచి చూపిస్తే ఎవరికీ తెలియదు," అని గొణిగారు.

ఇల్లాలు చేతికంటిన జిగురు గోకుతూ, "ఆమ్లెట్ అంచు చిరిగితే అయిదు వేసిన మనిషి, సగం ఓడకి పది వేస్తారా?" అంది.

ఆయన టోపీ పెట్టుకుని, పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళారు. దుకాణంలో అందరి ముందూ ఉన్నదంతా చెప్పేశారు, సంచి విప్పకుండానే పది వేసిన సంగతితో సహా. దుకాణాయన గాభరాగా ఇంకో పెట్టె విప్పాడు. రెండూ కుడివే. మరోటి విప్పాడు. అవీ కుడివే. ఇంకా ఒక్కటీ అమ్మలేదని గుర్తొచ్చి ఆయన గుమాస్తాగారిని గట్టిగా కావలించుకున్నాడు. ప్రెసిడెంటు మాత్రం ఆ రెండు సగాలనీ చేతిలో పట్టుకుని, తమ క్లబ్బు నిండా పెట్టె చూసి మార్కులు వేసేవాళ్ళే ఉన్నారనీ, ఒలిచి చూసే మనిషి ఇన్నాళ్ళకి దొరికిందనీ అన్నాడు. ఆవిడ ఫోన్ నంబరు అడిగాడు.

ఆ రాత్రి భోజనాల బల్ల పూర్తిగా ఖాళీగా ఉంది. ముగ్గురూ మోచేతులు బారజాపుకుని కూర్చున్నారు. అత్తగారు గొంతు సవరించుకున్నారు.

"పోటీ అయ్యేదాకా నేను ఊరెళ్ళడం లేదు. జడ్జి కుర్చీలు రెండు వేయిస్తారట. క్వాలిటీ మార్కులు నావి, ప్రెజెంటేషన్ అల్లుడుగారిది. సరేనని ప్రెసిడెంటుగారికి చెప్పేశాను."

కుర్చీ దక్కిన ఆనందంలో గుమాస్తాగారికి పక్క కుర్చీ అడ్డం అనిపించలేదు. నవ్వుతూ టోపీ తీసి బల్ల మీద పెట్టారు. ఇల్లాలు వడ్డన ఆపి ఆయన తలని ఆ వైపునుంచి ఈ వైపుకి పరీక్షగా చూసింది.

"కుడివైపుకి పది," అంది. "ఎడమ సగం పెట్టెలో రాలేదు."