ఈనక్ తాత పడుకున్న చోటు

ఆ శనివారం ఉదయం విన్నీ ఆగ్డెన్ పెట్టుకున్న పని ఒక్కటే. లైబ్రరీకి వెళ్లి, నూరేళ్ల కిందటి జనాభా లెక్కల కాగితానికి నకలు తీయించి, హార్స్‌ఫాల్ మొహాన కొట్టడం.

మద్యం పేరెత్తితే నోరు కడుక్కునే ఆ ఇంగ్లండు లాంకషైర్ కొండవూరి ప్రార్థన మందిరం, చాపెల్‌కి, నూరేళ్లు నిండుతున్నాయి. కట్టినవాళ్ల పేర్లున్న పలకకి కొత్తగా రంగు వేయిస్తున్నారు. దాని మీద విన్నీ తాత ఈనక్ క్రాబ్‌ట్రీ పేరు ఏనాడూ లేదు. క్వారీలో రాయి కొట్టి కొండెక్కించింది ఆయనేనని విన్నీ తల్లి పోయేదాకా చెబుతూనే ఉంది. కమిటీ పెద్ద హార్స్‌ఫాల్ మాత్రం, "అప్పట్లో ఆయన ఈ ఊళ్లో ఉన్నట్టు రుజువేదండీ?" అని ఏడాదిగా ఒకటే పాట. నూరేళ్లు దాచిన ఆ లెక్కలు ఇప్పుడే జనానికి తెరిచారు.

లైబ్రరీలో ఆ లెక్కల కాగితాలను ఫొటో తీసిపెట్టిన ఫిల్ము తిప్పగా తిప్పగా తాత దొరికాడు. ఆ పేరు చూడగానే విన్నీ కళ్లు చెమర్చాయి. పైనా పక్కనా ఏముందో చూడకుండా నకలు పట్టుకుని తిన్నగా కమిటీ సమావేశానికి పోయింది.

"చదవండి, అందరికీ వినబడాలి!"

హార్స్‌ఫాల్ కళ్లజోడు సవరించుకున్నాడు. "ఈనక్ క్రాబ్‌ట్రీ, వయసు ముప్ఫై, క్వారీ కూలీ. చోటు..." ఆగి, సంతోషం దాచుకోలేక, "వుల్‌ప్యాక్ పబ్బు!" అన్నాడు.

లెక్కలవాళ్లు ఆ రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటే అక్కడే రాసుకునేవారు. సొంతిల్లు ఎక్కడన్నది వాళ్లకి అనవసరం.

సాయంత్రానికి ఈనక్ తాగుబోతయ్యాడు. ఆదివారం ప్రార్థన ముగిసేసరికి ఆనాటి పబ్బు యజమానురాలితో కాపురం కూడా పెట్టేశాడు. 'ఈనక్ తాత పడుకున్నది ఇక్కడే' అని పబ్బువాడు గుమ్మంలో బోర్డు పెట్టి బేరం పెంచుకున్నాడు. చాపెల్‌లో టీ పోసే వంతు నుంచి విన్నీని తప్పించారు. తప్పించినవాళ్లంతా ఇన్నేళ్లూ ఆవిడ పోసిన టీ తాగినవాళ్లే.

"ఇంతటితో వదిలెయ్యండి, మీ పరువు కోసమే చెబుతున్నా," అన్నాడు హార్స్‌ఫాల్.

"వదలను. తాగితే తాగాడు. రాళ్లు మోసింది మీ టీ తాగేవాళ్లు కాదుగా!"

అంత మాటా అని ఇంటికొచ్చి ఏడ్చింది. తాత తాగాడని కాదు, అమ్మ చెప్పింది అబద్ధమేమోనని.

ఆ అనుమానం భరించలేక వృద్ధాశ్రమంలో ఉన్న హెప్సీ పిన్ని దగ్గరికి పోయింది. ఈనక్ ఆఖరి కూతురామె.

"పిన్నీ, తాత తాగేవాడా?"

"తాగకేం? రాళ్లు మోసిన ఒళ్లు మరి. అయినా మా నాన్న ఒక్కడే పోతాడటే, పిచ్చిమొహమా! చాపెల్ కట్టేవాళ్లంతా పోయేవాళ్లు. పెళ్లాలు తలుపు తియ్యకపోతే అక్కడే పడుండేవాళ్లు."

"మరి పలక మీద పేరెందుకు లేదు?"

"కట్టడం అయ్యాక ఇంక తాగమని అందరూ ఒట్టేసి సంతకాలు పెట్టారు. నాన్న పెట్టనన్నాడు. 'పొద్దంతా మీ రాళ్లు మోశాను, సాయంత్రం నేనేం తాగుతానో అడగడానికి మీరెవర్రా?' అన్నాడు. పలక చెక్కకముందే పేరు తీసేశారు."

విన్నీ సంచిలోంచి నకలు తీసి చూసింది. తాత పేరు పేజీలో ఆఖరి వరసలో ఉంది. పబ్బులో పడుకున్నవాళ్ల లెక్క అక్కడితో అయిపోలేదు, పేజీ అయిపోయింది! ఆవిడ మళ్లీ లైబ్రరీకి పరుగెత్తింది.

తర్వాతి సమావేశంలో పలకకి ఎదురుగా నిలబడి రెండో పేజీ తనే చదివింది. "జాబెజ్ హార్స్‌ఫాల్, చెక్కజోళ్లు చేసేవాడు, వుల్‌ప్యాక్ పబ్బు."

"ఆ పేరుగలవాళ్లు చాలామంది ఉంటారండీ," అన్నాడు హార్స్‌ఫాల్.

"చెక్కజోళ్లు చేసే జాబెజ్‌లు ఈ ఊళ్లో ఎంతమందండీ? మీ తాత కాడా?"

ఆవిడ ఆగలేదు. పలక మీదున్న పేర్లన్నీ ఒక్కొక్కటే ఆ పబ్బులోంచి బయటికొచ్చాయి. ఒక్కో పేరుకి ఒక్కో మనవడు తల దించుకున్నాడు.

"వీళ్లని నేనేం తప్పుపట్టను. రెండిట్లో ఒకటి చెయ్యండి. అందరి పేర్లూ చెరిపెయ్యండి, లేదా మా తాత పేరు రాయండి. పక్కన 'క్వారీ కూలీ' అని కూడా రాయాలి. ఒట్టు వెయ్యనివాడని రాసినా నాకు అభ్యంతరం లేదు!"

పేరు రాశారు, కూలీ అని కూడా రాశారు. విన్నీ ఆ అక్షరాల మీద చెయ్యి వేసి, అందరి ముందూ, సిగ్గుపడకుండా ఏడ్చింది.

లెక్కలు రాసిన ఆ ఏప్రిల్ రాత్రి ఊళ్లో విపరీతంగా మంచు కురిసి, దారులన్నీ మూసుకుపోయి ఉంటాయని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.